బల్ల మీద డివిజన్: పదిహేను వేల సైన్యం ఎనభై ముక్కల్లో ఎలా ఇముడుతుంది?

2025 జులై 26న, కార్గిల్ విజయ దివస్ రోజు, సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది ద్రాస్‌లో కొన్ని కొత్త పేర్లు ప్రకటించారు. 'రుద్ర' బ్రిగేడ్లు, 'భైరవ్' తేలికపాటి కమాండో బెటాలియన్లు, 'శక్తిబాణ్' ఆర్టిలరీ (ఫిరంగి దళ) రెజిమెంట్లు, ఆర్టిలరీలోనే చిన్న దళాలైన 'దివ్యాస్త్ర' బ్యాటరీలు, పదాతి బెటాలియన్లలో డ్రోన్ ప్లటూన్లు. పేర్లు చెవికి ఇంపుగానే ఉన్నాయి. అయితే బ్రిగేడ్ అంటే ఎంత, అది డివిజన్‌లో ఒక భాగమా లేక డివిజన్‌కు బదులా అన్నది వార్తలు చదివినవాళ్లలో చాలామందికి అందలేదు.

విశాఖలో ఈ తికమక ఇంకాస్త ఎక్కువ. ఇది నేవీ ఊరు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే. ఆర్కే బీచ్‌కి వెళితే కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా టీయూ-142 విమానం కనిపిస్తాయి. డివిజన్ అనగానే ఊరివాళ్లకు గుర్తొచ్చేది మొన్నమొన్నటి దాకా వాల్తేరు రైల్వే డివిజనే. బొమ్మ సైన్యాలతో వార్‌గేమ్ ఆడే సరదా ఉన్నవాళ్లు కూడా ఇక్కడ ఓడలతో మొదలుపెట్టడం సహజం. ఓడల ఆటలో లెక్క తేలిక: ఒక బొమ్మ ఒక ఓడ. పది బొమ్మలు పెడితే ఒక నౌకాదళం నిలబడినట్టే. అదే లెక్కతో పదాతి డివిజన్ దగ్గరికి వస్తే మాత్రం మొదటి రోజే చేతులెత్తేయాలి. ఒక్క డివిజన్‌లో పదిహేను వేల మంది ఉంటారు మరి.

ఈ పదిహేను వేల మందిని ఒక బల్ల మీదికి ఎలా దించుతారన్నది తెలిస్తే, రుద్ర బ్రిగేడ్ల వార్తలో అసలు సంగతి ఏమిటో కూడా దానంతటదే విప్పుకుంటుంది.

మెట్లు: సెక్షన్ నుంచి డివిజన్ దాకా

భారత సైన్యం పద్ధతిలో అన్నిటికంటే చిన్న ముక్క సెక్షన్, సుమారు పదిమంది. మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్. మూడు ప్లటూన్లు కలిస్తే కంపెనీ, సుమారు 120 మంది. నాలుగు రైఫిల్ కంపెనీలు, మోర్టార్ల వంటి బరువైన ఆయుధాలతో ఒక సపోర్ట్ కంపెనీ, కార్యాలయం, వంట, సరుకులు చూసుకునే మరో కంపెనీ కలిస్తే బెటాలియన్, సుమారు 800 మంది. మూడు బెటాలియన్లకు ఒక బ్రిగేడ్. మూడు బ్రిగేడ్లు, వాటి వెనుక ఒక ఆర్టిలరీ బ్రిగేడ్, ఇంజినీర్లు, సిగ్నల్స్, సరఫరా, వైద్యం అన్నీ కలిస్తే డివిజన్.

ఎవరి కింద ఏముంటుందో కూడా చూడాలి. ప్లటూన్‌ను నడిపేది సుబేదార్ లేదా నాయబ్ సుబేదార్. కంపెనీకి మేజర్, బెటాలియన్‌కు కల్నల్, బ్రిగేడ్‌కు బ్రిగేడియర్, డివిజన్‌కు మేజర్ జనరల్. ఆట కట్టేటప్పుడు ఈ హోదాలు చాలా పనికొస్తాయి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మూడుతో హెచ్చవేసుకుంటూ పోయే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. భారతంలో అక్షౌహిణి లెక్క ఇలాంటిదే. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు కలిస్తే పత్తి. మూడు పత్తులు సేనాముఖం, మూడు సేనాముఖాలు గుల్మం, అలా గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా ప్రతి మెట్టూ మూడింతలు. చివర పది అనీకినులు ఒక అక్షౌహిణి. అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు. అక్షౌహిణికీ నేటి డివిజన్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. అక్షౌహిణిలో నాలుగు అంగాలూ అట్టడుగు మెట్టు పత్తిలోనే కలిసిపోయి ఉంటాయి. డివిజన్‌లో కాల్బలం, ఫిరంగులు, ఇంజినీర్లు కింది మెట్లలో వేర్వేరుగా ఉండి, పై మెట్టులో ఒకే అధిపతి కింద కలుస్తాయి. ఏ మెట్టు దగ్గర కలపాలన్నదే ఇప్పటి సైన్యాల వాదన కూడా.

మూడే ఎందుకు? ఇద్దరు ముందు, ఒకరు వెనుక ఆసరాగా ఉండాలన్నది మామూలుగా చెప్పే కారణం. అయినా ఇదేమీ తప్పనిసరి సూత్రం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా డివిజన్‌లో నాలుగు రెజిమెంట్లు, సుమారు 28,000 మంది ఉండేవారు. రెండో యుద్ధానికి దాన్ని మూడుకు తగ్గించారు. 1957లో అణుయుద్ధ భయంతో ఐదు బృందాల డివిజన్ కట్టి చూశారు; కొన్నేళ్లకే వదిలేశారు. 1944 నాటి జర్మన్ పదాతి డివిజన్లలో మనుషులు కరవై, రెజిమెంట్‌కు మూడు బెటాలియన్లు ఉండాల్సింది రెండే మిగిలాయి. అందుకే ఏ దేశం, ఏ ఏడు అన్నది తేల్చుకోకుండా బొమ్మలు కొనడం దండగ.

రెజిమెంట్ దగ్గర అందరూ తడబడేది ఎందుకు

ఉత్తరాంధ్ర ఊళ్లలో సైన్యంలో చేసి వచ్చినవారిని ఎక్కడ పనిచేశారని అడిగితే చాలామంది రెజిమెంట్ పేరే చెబుతారు. మద్రాస్ రెజిమెంట్‌నే తీసుకోండి. అందులో ఎన్నో బెటాలియన్లు ఉన్నాయి. కానీ అవన్నీ ఒకచోట చేరి యుద్ధం చేయవు. ఒకటి కశ్మీర్‌లో ఉంటే మరొకటి రాజస్థాన్‌లో, వేర్వేరు డివిజన్ల కింద ఉంటుంది. పదాతిదళంలో రెజిమెంట్ అంటే పుట్టిల్లు లాంటిది: చేర్పించుకునేది, శిక్షణ ఇచ్చేది, జెండా, సంప్రదాయం. యుద్ధరంగంలో దానికి మెట్టు లేదు.

అదే భారత సైన్యంలో ఆర్టిలరీ రెజిమెంట్ అంటే బెటాలియన్ స్థాయి దళం. మూడు బ్యాటరీలు, బ్యాటరీకి ఆరు చొప్పున 18 ఫిరంగులు. ట్యాంకుల రెజిమెంట్ కూడా బెటాలియన్ స్థాయిదే, 45 ట్యాంకులు. ఇక ఏ దళంలో ఎంతమంది, ఏమేమి ఉండాలో చెప్పే అమెరికా, జర్మనీ, సోవియట్ పాత పట్టికల్లో పదాతి రెజిమెంట్ అంటే కొన్ని బెటాలియన్లు కలిసిన దళం, మన బ్రిగేడ్ లాంటిది. ఇది గమనించకుండా సోవియట్ మోటార్ రైఫిల్ (బండ్ల మీద కదిలే పదాతి) డివిజన్ పట్టిక చదివి 'నాలుగు రెజిమెంట్లేనా' అనుకుంటే నాలుగు బెటాలియన్ల చిన్న దళం తయారవుతుంది. నిజానికి అది మూడు మోటార్ రైఫిల్ రెజిమెంట్లు, ఒక ట్యాంకు రెజిమెంట్ ఉన్న పెద్ద డివిజన్.

తుపాకీ పట్టి ముందు నడిచేవాళ్లు ఎందరు?

1943 నాటి అమెరికా పదాతి డివిజన్ పట్టిక ప్రకారం మొత్తం బలం 14,253. తొమ్మిది బెటాలియన్లు, ఒక్కోదానిలో మూడు రైఫిల్ కంపెనీలు, కంపెనీకి మూడు ప్లటూన్లు, ప్లటూన్‌కు మూడు స్క్వాడ్లు (మన సెక్షన్ లాంటివి). తొమ్మిదిని మూడుసార్లు మూడుతో హెచ్చవేస్తే 243 స్క్వాడ్లు. స్క్వాడ్‌కు 12 మంది చొప్పున 2,916 మంది. పదాతి డివిజన్ అని పేరు పెట్టుకున్న దళంలో రైఫిల్ స్క్వాడ్లలో ఉన్నది నూటికి ఇరవైమందే.

మిగతా ఎనభైమంది ఊరికే లేరు. ఫిరంగులు పేల్చేవాళ్లు, మోర్టార్లు, మెషిన్‌గన్ల వాళ్లు, వంతెనలు వేసేవాళ్లు, మందుపాతరలు తీసేవాళ్లు, వైర్‌లెస్ నడిపేవాళ్లు, గుండ్లు, బియ్యం, డీజిల్ మోసేవాళ్లు, గాయపడ్డవాళ్లను వెనక్కి తెచ్చేవాళ్లు. బొమ్మల దుకాణంలో మాత్రం అమ్ముడుపోయేది తుపాకీ గురిపెట్టిన సిపాయే. లారీ బొమ్మను ఎవరు కొంటారు? కానీ డివిజన్ ఆటలో లారీ లేకపోతే డివిజన్‌ను ఓడించే ముఖ్యమైన దారి ఒకటి మూసుకుపోయినట్టే.

ఇక్కడ ఆటగాళ్లలో రెండు వాదాలున్నాయి. సరఫరా, వైద్యం వంటివి నియమాల్లో అంకెలుగా ఉంటే చాలు, బల్ల మీద చోటు దండగ అనేది ఒకటి. బల్ల మీద కనబడని లారీని ఎవరూ కాపాడరు, ఎవరూ కొట్టరు, కాబట్టి రెండు మూడైనా పెట్టి తీరాలి అనేది రెండోది. నేను రెండో వాదం వైపు మొగ్గుతాను. అయితే రెండు గంటల్లో ముగిసే ఆటకు మొదటిదే నయమని ఒప్పుకోక తప్పదు.

బొమ్మ కొలత వేరు, నేల కొలత వేరు

మనిషికి ఒక బొమ్మ చొప్పున పెడితే ఏమవుతుందో చూద్దాం. అతి చిన్న బొమ్మల్లో బాగా వాడుకలో ఉన్నది 6 మిల్లీమీటర్ల కొలత, అంటే 1:300. ఆరడుగుల మనిషి 6 మిల్లీమీటర్లు అవుతాడు. ఒక్కో బొమ్మకు రెండు సెంటీమీటర్ల చదరం చోటు ఇచ్చినా 15,000 బొమ్మలకు 6 చదరపు మీటర్లు కావాలి. మామూలుగా వాడే 6 అడుగులు, 4 అడుగుల బల్ల వైశాల్యం 2.23 చదరపు మీటర్లు. బొమ్మలు కదలకుండా నిలబడటానికే రెండున్నర బల్లలు దాటిపోతాయి.

దూరం లెక్క ఇంకా మొండిది. ఇన్సాస్ రైఫిల్ గురి దూరం 400 మీటర్లు. దాన్ని 1:300లోనే చూపితే 133 సెంటీమీటర్లు, బల్ల వెడల్పు కంటే ఎక్కువ. అంటే బల్ల మీద ఎక్కడ నిలబడ్డా దాదాపు ఎవరైనా ఎవరినైనా కాల్చేయవచ్చు. అలాంటి ఆటలో కదలికకు అర్థం ఉండదు.

అందుకే వార్‌గేమ్‌లలో బొమ్మ కొలతకూ నేల కొలతకూ పొత్తు పెట్టరు. బొమ్మ 1:300లోనే ఉంటుంది. నేల మాత్రం సెంటీమీటర్‌కు 100 మీటర్లు, అంటే 1:10,000. ఈ లెక్కన ఆరడుగుల బల్ల 18 కిలోమీటర్ల నేల అవుతుంది. విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు సుమారు 25 కిలోమీటర్లు. అది మొత్తం పట్టాలంటే ఎనిమిదడుగుల పైచిలుకు బల్ల కావాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ వెనుకే సైన్యం కూడా ఒడ్డుకు దిగి ఉంటే అనే ఊహతో ఆట కట్టుకునేవాళ్లకు ఈ తీరం చక్కగా సరిపోతుంది: ఒక పక్క సముద్రం, మరో పక్క కైలాసగిరి వంటి కొండలు, మధ్యలో సన్నని దారి.

ఈ నేల కొలతలో మూడు సెంటీమీటర్ల బొమ్మ ఇల్లు పెడితే అది ఇల్లు కాదు, 300 మీటర్ల వాడ. కొత్తగా ఆడేవాళ్లకు మింగుడు పడని సంగతి ఇదే. రైఫిల్ గురి 4 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అంటే రెండు దళాలు దాదాపు ఆనుకుంటే తప్ప కాల్పులు లేనట్టే. మరోవైపు మన 105 ఎంఎం ఫీల్డ్ గన్ సుమారు 17 కిలోమీటర్లు కొడుతుంది. బల్ల మీద 170 సెంటీమీటర్లు, దాదాపు ఈ చివర నుంచి ఆ చివరికి. కాబట్టి డివిజన్ ఆటలో ఫిరంగి ఎంత దూరం కొడుతుందనేది ప్రశ్నే కాదు. లక్ష్యాన్ని ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, గుండ్లు ఎన్ని మిగిలాయి అన్నవే ప్రశ్నలు.

ఒక ముక్క అంటే ఎంత? అది మీ కుర్చీని బట్టి

చిన్న చెక్క లేదా ప్లాస్టిక్ దిమ్మ మీద నాలుగైదు బొమ్మలు అతికించి దాన్ని ఒక ముక్కగా కదుపుతారు. దీన్నే స్టాండ్ అంటారు. ఆ స్టాండ్ సెక్షన్‌కు గుర్తా, ప్లటూన్‌కా, కంపెనీకా అన్నది ఆట మొత్తాన్ని నిర్ణయిస్తుంది.

సెక్షన్‌కు ఒకటి అనుకుంటే, బెటాలియన్‌కు రైఫిల్ సెక్షన్లే 36. తొమ్మిది బెటాలియన్లకు 324. ఇంకా ఫిరంగులు, ఇంజినీర్లు మొదలే కాలేదు. ప్లటూన్‌కు ఒకటి అనుకుంటే బెటాలియన్‌కు రైఫిల్ ప్లటూన్లు 12, సపోర్ట్ ఆయుధాలకు మూడు, కమాండ్‌కు ఒకటి, మొత్తం 16, తొమ్మిదింటికి 144. ఆడవచ్చు, కానీ ఒక ఆదివారంలో తేలదు.

ఇప్పుడు హోదాల సంగతికి వద్దాం. సైన్యంలో పాతుకుపోయిన అలవాటు ఒకటుంది: అధికారి తన కింది మెట్టుకు ఆదేశం ఇస్తాడు, దాని కింది మెట్టు ఎక్కడుందో మనసులో పెట్టుకుంటాడు. మేజర్ జనరల్ బ్రిగేడ్లకు పని చెబుతాడు, బెటాలియన్లను గమనిస్తాడు. ఏ సెక్షన్ ఏ గట్టు చాటున నక్కిందో ఆయనకు అక్కర్లేదు. కాబట్టి ఆటగాడు మేజర్ జనరల్ కుర్చీలో కూర్చుంటే, బెటాలియన్‌ను కదిపే వీలుండాలి, దాని లోపలి నష్టం కనబడాలి. అంటే కంపెనీకి ఒక స్టాండ్ సరిపోతుంది. అంతకన్నా చిన్నది పెడితే ఆటగాడు మేజర్ జనరల్‌గా మొదలై, గంట తిరగకముందే హవల్దార్ పనిలో కూరుకుపోతాడు. ఎంతమందికి ఒక బొమ్మ అనే లెక్కతో మొదలుపెట్టడం కంటే ఆటగాడు ఎవరు, ఏ నిర్ణయాలు అతనివి అని మొదలుపెట్టడమే సరైన దారి అని నా అభిప్రాయం.

ఆట కోసం వేసుకున్న ఒక నమూనా డివిజన్ ఇది. సైన్యం అసలు పట్టిక కాదు. బెటాలియన్‌కు నాలుగు రైఫిల్, ఒక సపోర్ట్, ఒక కమాండ్ చొప్పున ఆరు, తొమ్మిదింటికి 54. బ్రిగేడ్ కమాండ్లు మూడు కలిపితే 57. నాలుగు ఆర్టిలరీ రెజిమెంట్లకు మూడేసి బ్యాటరీలు, 12, మొత్తం 69. ఇంజినీర్ కంపెనీలు మూడు, 72. పైనుంచి తోడిచ్చిన ట్యాంకు రెజిమెంట్‌కు మూడు స్క్వాడ్రన్లు (కంపెనీ స్థాయి ట్యాంకు దళాలు), 75. సరఫరా లారీలకు మూడు, వైద్యానికి ఒకటి, డివిజన్ కమాండ్‌కు ఒకటి. అంతా కలిపి ఎనభై. మూడు సెంటీమీటర్ల స్టాండ్ మన నేల కొలతలో 300 మీటర్లు. ఒక కంపెనీ పరుచుకునే వెడల్పుకు అది మరీ దూరం కాదు.

ఎనభై స్టాండ్లకు రంగులు వేయడం ఓపిక ఉన్నవాళ్లకు ఒక సెలవుల పని.

పట్టిక ఒకటి, పొద్దున నిలబడేది ఒకటి

పట్టిక చూపించేది పూర్తి బలం. యుద్ధంలో డివిజన్ ఎప్పుడూ పట్టికలా ఉండదు. ఒక బ్రిగేడ్‌కు ట్యాంకుల స్క్వాడ్రన్ ఇస్తారు, మరో బ్రిగేడ్ నుంచి ఒక బెటాలియన్‌ను తీసి వెనుక ఆసరాగా పెట్టుకుంటారు. జబ్బుపడ్డవాళ్లు, సెలవుల్లో ఉన్నవాళ్లు, మొన్నటి పోరులో పోయినవాళ్లు పోగా మిగిలేదే బలం. అందుకే కొందరు ఆటగాళ్లు ఆట మొదట్లోనే పాచికలు వేసి కొన్ని కంపెనీలను తీసేస్తారు. రెండు వైపులా సమానంగా లేకపోతే ఆట ఎలా అనేవాళ్లూ ఉన్నారు. పోటీ ఆటకు వాళ్ల మాట నిజం. చరిత్ర తిరిగి ఆడుకునేవాళ్లకు అది కుదరదు.

నేలను బట్టి డివిజన్ అచ్చు కూడా మారుతుంది. 1962 చైనా యుద్ధం తర్వాత భారత సైన్యం పర్వత డివిజన్లు నిలబెట్టింది. కొండల్లో ఎక్కగలిగేలా బండ్లు, బరువైన సామగ్రి తగ్గించుకున్నవి అవి. 1980లలో మైదానాల కోసం 'రాపిడ్' డివిజన్లు వచ్చాయి: రెండు పదాతి బ్రిగేడ్లతో పాటు ట్యాంకులు, కవచ వాహనాలతో కదిలే ఒక యాంత్రిక బ్రిగేడ్. అరకు వంటి ఘాట్లలో ఆట పెట్టుకుని రాపిడ్ డివిజన్‌ను దించితే, పాపం ఆ యాంత్రిక బ్రిగేడ్ మొత్తం ఒకే రోడ్డు మీద వరుసకట్టి నిలబడిపోతుంది.

డివిజన్ పాతబడిందా?

ఇప్పటి వాదన ఇది. చిన్నవిగా, అన్ని అంగాలూ తమలోనే ఉన్న బ్రిగేడ్లు త్వరగా కదులుతాయి, పైనుంచి అనుమతి కోసం ఎదురుచూడవు అని ఒక పక్షం. అమెరికా 2004 ప్రాంతంలో ఇటు మొగ్గి, డివిజన్ చేతిలోని ఫిరంగులు, ఇంజినీర్లలో చాలా భాగాన్ని బ్రిగేడ్లకు పంచింది. రష్యా 2008 తర్వాత చాలా డివిజన్లను బ్రిగేడ్లుగా మార్చింది. రుద్ర బ్రిగేడ్ల ఆలోచన కూడా ఈ కోవదే: కాల్బలం, యాంత్రిక పదాతిదళం, ట్యాంకులు, ఫిరంగులు, ప్రత్యేక దళాలు, డ్రోన్లు ఒకే బ్రిగేడ్‌లో.

పెద్ద యుద్ధం వస్తే ఫిరంగులన్నిటినీ ఒకచోట గురిపెట్టగల, రోజుల తరబడి నష్టాలు తట్టుకోగల దళం డివిజనే అని రెండో పక్షం. రష్యా 2013 నుంచి కొన్ని డివిజన్లను తిరిగి నిలబెట్టింది. అమెరికా కూడా ఇటీవల డివిజన్‌నే మళ్లీ కీలక దళంగా చూస్తోంది. ఎవరి మాట సరైనదన్నది ఎదుట ఉన్న శత్రువును బట్టీ నేలను బట్టీ మారుతుంది.

ఈ తేడాను బల్ల మీద చూడటం సులువు. అన్ని అంగాలూ కలిసిన ఒక బ్రిగేడ్‌ను ఊహించుకుందాం. అంకెలు మళ్లీ ఆట కోసమే. ఆటగాడు బ్రిగేడియర్ కుర్చీలో ఉన్నాడు కాబట్టి స్టాండ్ ప్లటూన్ అవుతుంది. రెండు పదాతి బెటాలియన్లకు 32, ఒక యాంత్రిక బెటాలియన్‌కు 10, రెండు ట్యాంకు స్క్వాడ్రన్లకు నాలుగేసి చొప్పున 8, ఫిరంగుల బ్యాటరీలు 3, ఇంజినీర్లు 3, డ్రోన్లు 3, ప్రత్యేక దళాలు 2, లారీలు 3, కమాండ్ 1. మొత్తం 65. డివిజన్ ఎనభై, బ్రిగేడ్ అరవై ఐదు. మనుషుల సంఖ్య బాగా పడిపోయినా స్టాండ్లు పెద్దగా తగ్గలేదు, కుర్చీ మాత్రం మారింది. నేల కొలతను కూడా సెంటీమీటర్‌కు 50 మీటర్లు చేస్తే బల్ల 9 కిలోమీటర్లే అవుతుంది. అప్పుడు 17 కిలోమీటర్లు కొట్టే ఫిరంగి బల్ల మీద ఉండనక్కర్లేదు, పక్కన కుర్చీ మీద పెట్టుకోవచ్చు.

తేడా అంతా ఫిరంగిని పిలిచే నియమంలో ఉంటుంది. డివిజన్ ఆటలో కంపెనీ శత్రువును చూస్తుంది, బెటాలియన్‌కు చెబుతుంది, అది బ్రిగేడ్‌కు, బ్రిగేడ్ డివిజన్‌కు. అందుకని కాల్పులు పిలిచిన వంతులో కాకుండా తర్వాతి వంతులో పడేలా నియమం రాస్తారు. ఈలోగా శత్రువు కదిలిపోవచ్చు. బ్రిగేడ్ ఆటలో ఫిరంగులు సొంతవి, డ్రోన్ కూడా సొంతదే, కాబట్టి అదే వంతులో గుండ్లు పడతాయి. కానీ పడేవి 18 ఫిరంగుల గుండ్లే. డివిజన్ ఆటలో ఆలస్యమైనా సరే, మేజర్ జనరల్ తలచుకుంటే నాలుగు రెజిమెంట్ల 72 ఫిరంగులూ ఒకే కొండ మీదికి తిప్పవచ్చు.